పూత చూసేదెవరు? కరిసల్ నేలలో తాటి జాతి చెట్లు, మన ఇళ్ళు

కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టుపక్కల కొత్తగా ఇల్లు కట్టుకున్న మనవాళ్ళ గేటు ముందర నిలబడి చూస్తే, పదింట ఆరేడు ఇళ్ళకు ఏదో ఒక పామ్ చెట్టు కనబడుతుంది. గేటుకు అటొకటి ఇటొకటి రాయల్ పామ్, మెట్ల పక్కన పొట్ట ఉబ్బిన బాటిల్ పామ్, కాంపౌండు గోడ పొడుగునా నక్కతోక లాంటి ఆకులున్న ఫాక్స్‌టెయిల్. ఇంకా ఆసక్తి ఉన్నవాళ్ళయితే వెండి రంగు విసనకర్రల బిస్మార్క్ పామ్ తెచ్చి పెడతారు. వీటిని పెట్టిన ప్రతివాళ్ళూ అడిగే ప్రశ్న ఒకటే. ఇది ఎన్నేళ్ళకు పూస్తుంది?

మామిడికీ కొబ్బరికీ ఈ ప్రశ్నకు జవాబు సులభం. ఈ పామ్‌ల విషయంలో మాత్రం జవాబు ఎనిమిదేళ్ళ నుంచి ఎనభై ఏళ్ళ దాకా పోతుంది. నాటినవాళ్ళు పూత చూడకుండానే పోయే చెట్లు కూడా వీటిలో ఉన్నాయి. అట్లాంటి చెట్టును ఎవరు పెడతారు, ఎందుకు పెడతారు, మధ్యలో దాన్ని ఎవరు కాపాడతారు అనేది తోటపని ఒక్కటే కాదు. వలస వచ్చి నిలదొక్కుకున్న కుటుంబాలకు బాగా తెలిసిన విషయం అది. అందుకే ఈసారి మన వంశాల కథ కాకుండా మన చుట్టూ ఉన్న తాటి జాతి కథ రాస్తున్నాను. రెండూ అంత దూరమైనవేమీ కావు.

మనం వచ్చేటప్పటికే ఉన్న చెట్టు

మదురై నాయకుల కాలంలో, అంటే 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడి పాలన మొదలైన తర్వాత, తెలుగు కుటుంబాలు గుంపులు గుంపులుగా దక్షిణానికి వచ్చినాయి. అంతకు ముందు వచ్చినవాళ్ళూ ఉన్నారు, తర్వాత వచ్చినవాళ్ళూ ఉన్నారు. నాయకులు 72 పాళెయాలు ఏర్పాటు చేసినారని చెప్తారు. ఎట్టయాపురం, పాంచాలంకురిచ్చి ఆ పాళెయాల్లోవే. కమ్మవారు, రెడ్లు, కంబళత్తు నాయకులు, రాజపాళయం వైపు రాజులు, ఎవరి దారిన వాళ్ళు వచ్చి ఈ నేలలో స్థిరపడినారు. మన ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో రాసిన 'గోపల్ల గ్రామం' నవల ఇట్లాంటి వలస కథే. ఆంధ్రదేశం నుంచి బయల్దేరినవాళ్ళు ముళ్ళ అడవి కొట్టి ఊరు కట్టుకోవడం అందులో ఉంది. దాని కొనసాగింపు 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

మనవాళ్ళు ఎంచుకున్నది నల్లరేగడి. తమిళంలో కరిసల్ అంటాం, ఇంట్లో తెలుగు మాట్లాడేటప్పుడు కూడా కరిసల్ అనే అంటాం. పత్తికీ సజ్జకూ జొన్నకూ మంచి నేల. 1901లోనే ఇక్కడ కోవిల్‌పట్టిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం పెట్టినారంటే ఈ నేల మీద ఎంత దృష్టి ఉండేదో తెలుస్తుంది. అయితే ఈ నేలలో పెద్ద చెట్లు తక్కువ. వేప, చింత, తుమ్మ, వాటితో పాటు గట్ల మీదా కణ్మాయి కరల మీదా తాటి. తూర్పున తిరుచ్చెందూర్, ఉడన్‌గుడి వైపు ఎర్ర ఇసుక తేరిల్లో తాళ్ళు అడవిలాగా ఉంటాయి. మన వైపు అట్లా కాదు. పొలానికీ పొలానికీ హద్దు లాగా, చెరువు గట్టుకు కాపలా లాగా వరసలో నిలబడి ఉంటాయి.

తాటిచెట్టు మనకు కొత్త కాదు. గోదావరి జిల్లాల్లో, రాయలసీమలో ఎక్కడ చూసినా ఉండేదే. కొత్తవి మాటలు. ఆంధ్రలో ముంజలంటే ఇక్కడ మన ఇళ్ళల్లో నుంగు. అక్కడ తేగలంటే ఇక్కడ పనంగిళంగు. తాటిబెల్లం కరుప్పట్టి అయింది. సున్నం పూసిన కుండలో పట్టిన తియ్యని రసం పదనీరు అయింది. చెట్టు మాత్రం తాటిచెట్టుగానే నిలిచింది. పొలం పని తెలుగులో జరిగింది కాబట్టి హద్దు చెట్టు పేరు తెలుగులో మిగిలింది, అంగడిలో కొనే సరుకు పేరు తమిళంలోకి మారింది అని నా అభిప్రాయం.

ఆ అంగడి సంగతి కూడా చెప్పాలి. విరుదునగర్ అనే పేరు 1923 నుంచే. అంతకు ముందు అది విరుదుపట్టి. 19వ శతాబ్దంలో దక్షిణపు తాటి నేలల నుంచి నాడార్ వర్తకులు ఎద్దుబళ్ళ మీద కరుప్పట్టి, ఉప్పు, ఎండుచేప తెచ్చి, రాత్రిళ్ళు బళ్ళకు కాపలా ఉండేట్టు పేటలు కట్టుకొని, అట్లా పెంచిన ఊళ్ళల్లో విరుదుపట్టి ఒకటి. శివకాశి, అరుప్పుకోట్టై కూడా ఆ వరసలోవే. మనవాళ్ళ పత్తి ఆ పేటల్లోనే అమ్ముడుపోయింది, వాళ్ళ కరుప్పట్టి మన వంటింటికి వచ్చింది. కోవిల్‌పట్టి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, అది కూడా మొదట్లో కరుప్పట్టి పాకంతోనే చేసేవారని పెద్దలు చెప్తారు. ఇంత పెద్ద వర్తకపు ఊరికి మొదటి పెట్టుబడి ఒక చెట్టు పూగెల నుంచి కారిన రసం అని మరిచిపోకూడదు.

పూస్తేనే తెలిసే సంగతి

తాటిలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. చూపుకు రెండూ ఒకటే. గింజ చూసి చెప్పలేం, మొక్క చూసి చెప్పలేం, పదేళ్ళ చెట్టును చూసి కూడా చెప్పలేం. 12 నుంచి 20 ఏళ్ళ లోపల మొదటి పూత వచ్చినప్పుడే తెలుస్తుంది. వేళ్ళలాగా పొడుగాటి కంకులు వేలాడితే మగది, గుండ్రటి మొగ్గలున్న గెల వేస్తే ఆడది. కల్లుకూ పదనీరుకూ రెండూ పనికొస్తాయి, కాయ మాత్రం ఆడ చెట్టుకే. తై, మాసి నెలల్లో పాళ బయటికొచ్చేటప్పుడు చెట్టు ఎక్కేవాళ్ళు కింది నుంచే చూసి 'ఇది ఫలానా' అనేవాళ్ళు. పదేహేను ఇరవై ఏళ్ళు కాచుకున్న ప్రశ్నకు జవాబు ఆ ఒక్క చూపులో దొరికేది.

ఈ విషయం మీద ఒక స్థలపురాణం ఉంది. తిరువణ్ణామలై జిల్లా తిరువోత్తూర్ శివాలయంలో ఒక భక్తుడు నాటిన తాళ్ళన్నీ మగవే అయినాయట. ఊళ్ళో ఎగతాళి చేసినారట. 7వ శతాబ్దపు తిరుజ్ఞానసంబంధర్ అక్కడికి వచ్చి పదికం పాడితే మగ తాళ్ళు కాయలు కాసినాయని కథ. మహిమను నమ్మడం నమ్మకపోవడం ఎవరిష్టం వాళ్ళది. ఆ కథలో నాకు కనబడేది నాటినవాడి బాధ. ఇరవై ఏళ్ళు నీళ్ళు పోసి పెంచినాక వరసంతా మగవే అయితే ఎట్లా ఉంటుందో ఆ కథ కట్టినవాళ్ళకు తెలుసు.

ఇప్పుడు బిస్మార్క్ పామ్ కొనేవాళ్ళకు కూడా ఇదే వర్తిస్తుంది. మడగాస్కర్ నుంచి వచ్చిన ఆ చెట్టులో కూడా మగ, ఆడ వేరు వేరు. ఒక్కటే పెట్టి గింజ కోసం చూస్తే లాభం లేదు.

ఆకు మీద అక్షరం

మన పూర్వీకులకు తాటి కంటే గొప్ప చెట్టు ఇంకొకటి తెలుసు. దాని పేరు శ్రీతాళం. మలయాళంలో కుడప్పన అంటారు, అంటే గొడుగు తాటి. 17వ శతాబ్దం చివర్లో డచ్చివాళ్ళు కేరళ మొక్కల మీద అచ్చు వేసిన 'హోర్టస్ మలబారికస్'లో ఆ పేరుతోనే ఉంది. దాన్ని చూసే లిన్నేయస్ 1753లో గొడుగు మోసేది అనే అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టినాడు. నిజంగానే ఒక్కొక్క ఆకు నాలుగైదు మీటర్ల వెడల్పు పోతుంది.

తాళపత్ర గ్రంథాలన్నీ తాటాకులే అని మనం అనుకుంటాం. సగమే నిజం. తాటాకు మందం, ఇరుకు, కొంచెం పెళుసు. శ్రీతాళపు ఆకు పలచన, వెడల్పు, మెత్తన. మేలైన ప్రతులకు శ్రీతాళాన్నే ఇష్టపడేవారు. ఆకును కోసి, ఈనె తీసి, ఉడకబెట్టి, ఆరబెట్టి, నున్నగా రుద్ది, గంటంతో గీకి, ఆ గీతల్లో మసి పూసేవాళ్ళు. మన తెలుగు అక్షరం గుండ్రంగా ఉండడానికి కారణం ఆకు నారలు చీలకుండా రాయాల్సి రావడమే అని చాలామంది చెప్తారు. ఆకు ఎంత మంచిదైనా చెదలు, పురుగు, తేమ దాన్ని వదలవు. అందుకే కొన్ని తరాలకొకసారి మళ్ళీ కొత్త ఆకుల మీద ఎత్తి రాయాలి. ఎత్తి రాసేవాడు లేని ఇంట్లో గ్రంథం ఆగిపోతుంది. తంజావూరు సరస్వతీ మహల్‌లో ఇన్ని తెలుగు తాళపత్రాలు ఈ రోజు ఉన్నాయంటే, తరం తరం ఎవరో ఒకరు కూర్చొని ఎత్తి రాసినారు కాబట్టే.

మన కోవిల్‌పట్టికి దగ్గర్లోనే ఉన్న ఎట్టయాపురం ఈ కథలో ముఖ్యమైన ఊరు. ముత్తుస్వామి దీక్షితులు 1835లో కాలం చేసింది అక్కడే. ఆ ఇంటి వారసుడు సుబ్బరామ దీక్షితులు కుటుంబంలో వచ్చిన సంగీతమంతా స్వరాలతో సహా రాసి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అనే మహా గ్రంథంగా 1904లో తెచ్చినారు. అది అచ్చయింది ఎట్టయాపురంలో, తెలుగు లిపిలో. కరిసల్ నేల మధ్యలో ఒక చిన్న సంస్థానపు ముద్రణాలయంలో తెలుగు అక్షరాలు పేర్చి అంత పెద్ద పుస్తకం వేసినారు. ఈ రోజు అదే ఊళ్ళో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు ఆ పుస్తకం చేతికిస్తే అట్ట మీద పేరు కూడా చదవలేడు. మాట మిగిలింది, అక్షరం పోయింది. ఎత్తి రాయడం ఆగితే ఏమవుతుందో చూడడానికి వేరే ఉదాహరణ అక్కరలేదు.

ఒక్కసారి పూసి పోయే చెట్టు

శ్రీతాళానికి ఇంకొక లక్షణం ఉంది. అది బతుకులో ఒక్కసారే పూస్తుంది. 30 ఏళ్ళకు పూయవచ్చు, 80 ఏళ్ళకు పూయవచ్చు. అప్పటిదాకా కాండంలో పిండి దాచుకుంటూ పోతుంది. ఒక ఏడాది కొత్త ఆకులు రావడం ఆగి, నడి నెత్తిన పెద్ద పూగుచ్ఛం లేస్తుంది. ఆరు నుంచి ఎనిమిది మీటర్ల ఎత్తు, లక్షలాది పూలు. కొమ్మలు వేసే పూగుచ్ఛాల్లో మొత్తం లోకంలోనే ఇది పెద్దది. కాయ పండడానికి దాదాపు ఒక సంవత్సరం. కాయలు రాలినాక చెట్టు ఎండిపోతుంది. దాచుకున్నదంతా గింజలకే ఇచ్చేసి పోతుంది.

బ్రెజిల్‌లో రియో డి జెనీరో సముద్రం ఒడ్డున ఉన్న ఫ్లమెంగో పార్కులో, బర్లె మార్క్స్ అనే తోటల రూపకర్త 1960లలో మన వైపు నుంచి పోయిన ఈ చెట్లను నాటించినాడు. ఆయన 1994లో పోయినాడు. చెట్లు ఆయన తర్వాత పూతకొచ్చినాయి. నాటినాయనకు ఆ పూత చూసే ప్రాప్తం లేదు. ఆ సంగతి నాటేటప్పుడు ఆయనకు తెలియనిది కాదు.

శ్రీతాళానికి దగ్గర చుట్టం ఇంకొకటి ఉంది, బెంగాల్ తాళి. దాన్ని శాస్త్ర లోకానికి చెప్పినాయన విలియం రాక్స్‌బర్గ్. మన తెలుగువాళ్ళకు ఈయన పరాయివాడేమీ కాదు. 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉండి, తోట వేసి, అక్కడి చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించినాడు. 1795లో మొదలుపెట్టి మూడు సంపుటాల్లో, 300 బొమ్మలతో వచ్చిన 'కోరమాండల్ తీరపు మొక్కలు' ఆ పని ఫలితమే. తర్వాత కలకత్తా తోటకు పోయినాడు. ఆయన పేరు పెట్టిన ఆ బెంగాల్ తాళికి ఏమైందో చూడండి. 1979లో శాంతినికేతన్ దగ్గర ఒక ఊళ్ళో ఒక చెట్టు పూతకొచ్చింది. ఎప్పుడూ చూడని ఆ కొమ్ముల లాంటి పూగుచ్ఛం చూసి ఊరివాళ్ళు దయ్యం చెట్టని భయపడి, గింజ కట్టకముందే కొట్టేసినారు. ఆ తర్వాత అడవిలో ఈ జాతి ఎక్కడా కనబడలేదు. ఢాకా విశ్వవిద్యాలయం ఆవరణలో మిగిలిన ఒక చెట్టు 2008లో పూసింది. ఈసారి అక్కడివాళ్ళకు సంగతి తెలుసు. గింజలు ఏరి మొక్కలు కట్టి పలు చోట్ల నాటినారు. చెట్టు పోయింది, జాతి నిలబడింది. మొదటి ఊరివాళ్ళు చెడ్డవాళ్ళు కారు. చెట్టు పెట్టిన తరం పూతను గురించి తర్వాత తరానికి చెప్పకుండా పోతే అట్లాగే అవుతుంది.

ఇంత పెద్దది కాకపోయినా ఇదే గుణం ఉన్న చెట్టు మన పడమటి కొండల్లోనే ఉంది, జీలుగు. చేపతోక లాంటి ఆకులు. శ్రీవిల్లిపుత్తూర్, రాజపాళయం వైపు కొండ దారుల్లో చూసి ఉంటారు. తూర్పు గోదావరి ఏజెన్సీలో జీలుగు కల్లు ప్రసిద్ధి. ఇది పై నుంచి కిందికి పూస్తుంది. మొదటి గెల నెత్తిన, ఆ తర్వాతది దాని కింద, అట్లా కొన్నేళ్ళు దిగుతూ వచ్చి, అన్నిటికంటే కింది గెల పండినాక చెట్టు పోతుంది. పూత ఎక్కడిదాకా దిగిందో చూసి చెట్టుకు ఇంకెన్నేళ్ళు ఉందో చెప్పవచ్చు.

బాటిల్ పామ్ సొంత ఊరు

మన గేటు పక్కన రెండు మూడు వేలు పోసి కొన్న బాటిల్ పామ్ ఎక్కడిదో తెలుసా? మారిషస్ పక్కన రౌండ్ ఐలండ్ అనే చిన్న దీవిది. ఓడల వాళ్ళు ఆ దీవిలో వదిలిన మేకలు, కుందేళ్ళు లేత మొక్కలన్నిటినీ తినేసి, చివరికి అక్కడ వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని పెద్ద చెట్లే మిగిలినాయి. 1979 నాటికి మేకలను, 1986లో కుందేళ్ళను పూర్తిగా తీసేసినాక మళ్ళీ మొక్కలు లేవడం మొదలైంది. పుట్టిన చోట అంత అరుదైన చెట్టు, మన దగ్గర ప్రతి నర్సరీలో దొరుకుతుంది. ఎవరి తోటల్లోనో పూసి గింజ కట్టింది కాబట్టే అది ఇంత దూరం వచ్చింది.

ఆ మారిషస్‌కే 19వ శతాబ్దంలో కోరంగి రేవు నుంచి ఓడలెక్కి చెరకు తోటల పనికి పోయిన తెలుగువాళ్ళున్నారు. వాళ్ళ పిల్లల పిల్లలు ఇప్పటికీ రామభజనలు పాడతారు, ఉగాది చేసుకుంటారు. అక్కడి క్యూర్‌పిప్ ఊరి తోటలో బాటిల్ పామ్ జాతికే చెందిన ఇంకొక పామ్ ఉంది. లోకం మొత్తానికి అదొక్కటే చెట్టు. పూస్తుంది, అయితే దాని మగ పూలూ ఆడ పూలూ ఒకేసారి విచ్చుకోవు. అందువల్ల గింజ మొలకెత్తే దారి లేదు. చుట్టూ కంచె వేసి కాపాడుతున్నారు. పక్కన ఇంకొక చెట్టు ఉంటే సరిపోయేది.

మన దేశంలో కూడా ఇట్లాంటిదొకటి ఉంది. కలకత్తా పక్కన శిబ్‌పుర్ తోటలో 1894లో నాటిన సముద్రపు కొబ్బరి, సీషెల్స్ దీవుల జంట టెంకాయ. అది మొదటి పూత పూయడానికే దాదాపు నూరేళ్ళు పట్టింది. పూసినాక తెలిసింది అది ఆడదని. మగ చెట్టు పక్కన లేదు. విదేశాల నుంచి పుప్పొడి తెప్పించి చేత్తో అద్ది కాయ పట్టించినారు. నాటినవాళ్ళు లేరు, వాళ్ళ పిల్లలూ లేరు. అయినా చెట్టు దగ్గర పుప్పొడి పట్టుకొని నిలబడడానికి ఎవరో ఒకరున్నారు.

మన పెరట్లో ఎట్లా

ఇక మన నేలకు వద్దాం. ఏడాదికి 700, 800 మిల్లీమీటర్ల వాన. అందులో ఎక్కువ భాగం ఐప్పసి, కార్తిగ నెలల్లోనే పడుతుంది. అప్పుడు కరిసల్ ఉబ్బి నీళ్ళు నిలుపుతుంది. చిత్తిరలో చేయి దూరేంత పగుళ్ళిస్తుంది. ఆ పగుళ్ళు లేత వేళ్ళను తెంపుతాయి, నిలిచిన నీళ్ళు కుళ్ళబెడతాయి. అందుకని మూడడుగుల గుంత తీసి, తీసిన నల్లమన్నులో సగం పక్కన పెట్టి, ఎర్రమన్నూ మాగిన పశువుల ఎరువూ కలిపి నింపి, నేల మట్టం కంటే ఒక అడుగు ఎత్తు దిబ్బ చేసి దాని మీద నాటాలి. మొదటి మూడు వేసవులు చెట్టు చుట్టూ ఎండుటాకు పరవాలి.

తాటి, శ్రీతాళం, బిస్మార్క్, ఈ మూడింటినీ కుదిరితే గింజగానే నాటిన చోట పెట్టాలి. కారణం మనకు పొంగల్ పండగ నుంచే తెలుసు. పనంగిళంగు ఎక్కడి నుంచి వస్తుంది? గింజ మొలకెత్తేటప్పుడు ముందు పైకి రాదు. ఒక గొట్టం లాంటి మొలకను భూమిలోకి లోతుగా దించి, మొక్కను ఆ అడుగున పెడుతుంది. మనం తవ్వి తినేది ఆ దాపునే. అట్లా దిగిన మొక్కను తర్వాత పీకి ఇంకొక చోట పెడితే దాని ప్రాణాన్ని మధ్యలో తెంపినట్టే. తొట్టిలో పెరిగినదాన్ని కొంటే వేరు గడ్డ పగలకుండా దించాలి. ఇంకొక మాట. పామ్ గింజలు చాలావాటికి దాచిపెట్టే గుణం లేదు. కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు. ఎండిన గింజ తెచ్చి ఏడాది తర్వాత నాటి మొలవలేదంటే తప్పు నేలది కాదు.

పచ్చి ఆకు కొట్టకండి. పామ్‌కు పెరిగే మొన ఒక్కటే, నడి నెత్తిన. వేపకొమ్మ నరికితే పక్క నుంచి ఇంకొకటి వస్తుంది, ఒంటి కాండపు పామ్‌కు ఆ దారి లేదు. పండగకు ముందు శుభ్రంగా కనబడాలని ఆకులన్నీ గొరిగి నెత్తిన నాలుగు వదిలేవాళ్ళుంటారు. కింది ఆకులు పసుపు పడితే పొటాష్ చాలలేదని అర్థం. ఆ ఆకులో మిగిలినదాన్ని చెట్టు పైకి లాగుకుంటూ ఉంటుంది. దాన్ని కోస్తే పై ఆకుకు రోగం ఎక్కుతుంది. పూర్తిగా ఎండి గోధుమ రంగు వచ్చినాకే తీయాలి. నెత్తిన మొవ్వులో కొమ్ము పురుగు, కాండంలో ఎర్రముక్కు పురుగు, ఈ రెండూ కొబ్బరికి వచ్చేవే వీటికీ వస్తాయి. గాయం చేసిన చోటే ఎర్రముక్కు గుడ్డు పెడుతుంది. ఆకులు ఊరికే కొట్టవద్దనడానికి అది ఇంకొక కారణం.

ఇంటి ముందర చిన్న జాగా ఉన్నవాళ్ళు బాటిల్ పామ్, ఫాక్స్‌టెయిల్ పెట్టుకోవచ్చు. ఇవి ప్రతి సంవత్సరం పూసేవి, ఒక చెట్టులోనే మగ పూలూ ఆడ పూలూ ఉంటాయి. బాటిల్ పామ్ పూత ఆకుల మధ్య రాదు, ఆకుపచ్చ మెడ కింద కాండానికి అంటుకొని కొమ్ము లాగా మొలిచి, విచ్చుకుంటే చీపురు లాగా అవుతుంది. ఆ కొమ్మును చూసి ఏదో రోగమని విరగ్గొట్టవద్దని ఇంట్లో అందరికీ, ముఖ్యంగా తోట పనికి వచ్చేవాళ్ళకు, ముందే చెప్పి పెట్టండి. బిస్మార్క్‌కు ఎండా జాగా రెండూ కావాలి, జతగా పెడితే మేలు. జీలుగుకు నీడా తేమా ఉంటే బాగుంటుంది, బావి పక్కన సరిపోతుంది. దాని కాయ రసం చేతికంటితే దురద, పిల్లలకు చెప్పాలి.

శ్రీతాళం మాత్రం కాంపౌండు లోపల వద్దు. అది పెరిగితే ఇంటి మీదికి వస్తుంది, పూసి ఎండినాక ఇరవై మీటర్ల కాండం ఎక్కడో ఒక చోట పడాలి కదా. దానికి తోట మూల, బడి ఆవరణ, గుడి వెనక జాగా సరి. కరెంటు తీగలకు దూరంగా, ఇంకో ముప్పై ఏళ్ళకు కూడా ఇల్లు కట్టని చోట.

అయితే తాటి సంగతి?

ఇంత దూరదేశపు చెట్లకు ఇన్ని జాగ్రత్తలు తీసుకునే మనం, గట్టు మీది తాటిచెట్టును ఏం చేస్తున్నాం? తాత కాలంలో ఒక్కటిగా ఉన్న పొలం పెదనాయనకూ నాయనకూ చిన్నాయనకూ పంచినప్పుడు హద్దు మీది తాళ్ళు ఎవరివీ కాకుండా పోయినాయి. ఎక్కేవాడు లేడు, కాబట్టి ఆదాయం లేదు. ఇటుకబట్టీ వాడు చెట్టుకింత అని ఇస్తే, పంచుకోవడం సులభమని అమ్మేసినవాళ్ళు మన చుట్టాల్లోనే ఉన్నారు. ఒక పగటి పూట రంపం పెడితే పోయే చెట్టు అది. మళ్ళీ ఆ ఎత్తు రావాలంటే ఇద్దరు మనుషుల బతుకు కావాలి.

తాటి తమిళనాడు రాష్ట్ర వృక్షం. 2021 ఆగస్టులో వచ్చిన మొదటి వ్యవసాయ బడ్జెట్‌లో ప్రభుత్వం 30 జిల్లాల్లో 76 లక్షల తాటి గింజలు, లక్ష మొక్కలు ఇస్తామని చెప్పింది. తాటిచెట్టు కొట్టాలంటే కలెక్టర్ అనుమతి కావాలని కూడా అప్పుడే ప్రకటించినారు. మన విరుదునగర్ జిల్లా శ్రీవిల్లిపుత్తూర్ పరిశోధన కేంద్రం నుంచి ఎస్‌వీపీఆర్ 1 అనే పొట్టి రకం వచ్చింది. కిళ్ళికుళంలో, అటు ఆంధ్రలో రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో తాటి మీద పరిశోధన నడుస్తూ ఉంది. చట్టం, పరిశోధన రెండూ ఉన్నాయి. గట్టు మీద నిలబడి 'ఇది కొట్టవద్దు' అని చెప్పే మనిషి మాత్రం ఇంటి నుంచే రావాలి.

తాటిచెట్టు కింద కూర్చొని పాలు తాగినా కల్లే అంటారని సామెత. ఆ పేరు పడుతుందనో ఏమో, మనవాళ్ళు తాటిని ఇంటి చెట్టుగా ఎప్పుడూ అనుకోలేదు. గేటు ముందర పెట్టడానికి అది గౌరవం కాదనుకున్నారు. తమిళంలో 'తాళవిలాసం' అనే కావ్యం ఆ చెట్టుకు 801 ఉపయోగాలు చెప్తుందని 19వ శతాబ్దంలోనే రాసి పెట్టినారు. అలంకారం కోసమే అయినా, చంద్రుడి వెలుతురులో ఆకులు గలగలమనే తాటి కంటే అందమైన పామ్ ఏ నర్సరీలో ఉంది?

కాబట్టి ఈ ఆవణిలో, పండు రాలే కాలంలో, ఒక పని చేయవచ్చు. మీ గట్టు మీది చెట్ల కింద రాలిన పండ్లు ఏరి, గింజలు తీసి, వాడిపోకముందే కణ్మాయి కర మీద పది చోట్ల పూడ్చండి. ఒక్కొక్క చోట ఏ సంవత్సరం పెట్టినారో నోటుపుస్తకంలో రాసి పెట్టండి. కుదిరితే తెలుగులో రాయండి. అక్షరాలు రాని పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని రాయండి. చెట్టు మగదో ఆడదో తెలిసేటప్పటికి ఆ పిల్లలకు మీ వయసు వచ్చి ఉంటుంది. అప్పుడు ఆ పుస్తకం తెరిచి, ఎవరు పెట్టినారు, ఎప్పుడు పెట్టినారు అని వాళ్ళు చదువుకోగలగాలి.